శనివారం తేలీ, సోమవారం తెలికలోడు

మొన్న శనివారం పొద్దున్న ఏడు కొట్టకముందే మా షట్టర్ దబదబా మోగింది. ఆ రోజు శని త్రయోదశి. కిందకి వంగి చూస్తే నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. పావులీటరు నువ్వుల నూనె, గుప్పెడు నల్ల నువ్వులు కావాలట. "ఇవాళ కట్టేసామండీ, శనివారం మాకు సెలవు" అన్నాను మేడ మీంచే. వాళ్ళలో పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "శని త్రయోదశినాడు కొట్టు మూసుకున్న తెలికలోణ్ణి నిన్నే చూస్తన్నానయ్యా" అనేసి గుడి ముందు బడ్డీలవైపు నడిచాడు.

ఆయన అన్నదాంట్లో అబద్ధమేం లేదు. ఆ ఒక్క పూటలో నలభై యాభై చిన్న సీసాలు పోతాయి. శ్రీకాకుళం గుజరాతీపేటలో నూనె కొట్టు పెట్టుకుని ఆ పూట తలుపు వేసుకోవడమంటే లక్ష్మి ఎదురొస్తే పక్కకి తప్పుకోవడమే అని మా అమ్మ కూడా అంటుంది. ఈ శనివారం సెలవు మా ఇంట్లోది కాదు. ఠాణే నుంచి వచ్చింది. అదెలా వచ్చిందో రాయమని చాలామంది అడిగారు (అంటే ఇద్దరు), అందుకే ఇది.

2015లో ఆమదాలవలసలో కోణార్క్ ఎక్కి ఠాణే వెళ్ళాను. స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది గానీ మా నోట్లో అది ఎప్పుడూ ఆమదాలవలసే. ఓ గోడౌన్ల కంపెనీలో లెక్కలు చూసే పని. పక్క సీటు కుర్రాడు చక్కగా మరాఠీ మాట్లాడేవాడు, ఇంటిపేరు చివర 'కర్' ఉంది, ఫోటోలో వాళ్ళమ్మ మెడలో మంగళసూత్రం ఉంది. మరాఠా వాడే అనుకున్నాను. నెలాఖరు శుక్రవారం, లెక్కలు తేలక అందరం తల పట్టుక్కూచుంటే ఇతను మాత్రం ఐదింటికల్లా బ్యాగ్ సర్దేసాడు. రేపైనా వస్తావా అంటే నవ్వి, "రాను. మేం శనివార్ తేలీలం" అన్నాడు.

తేలీ అంటే మరాఠీలో గానుగవాడు. ఆ మాట నా చెవిలో సూదిలా దిగింది.

మా ఇంటి సంగతి చెప్పకపోతే అదెందుకో మీకు అర్థం కాదు. మేం తెలికలవాళ్ళం. ప్రభుత్వ కాగితాల్లో గాండ్ల, తెలికుల, దేవతిలకుల అని పక్కపక్కనే రాస్తారు. నరసన్నపేట దగ్గర మా ఊళ్ళో తాతకి ఎద్దు గానుగ ఉండేది. పొద్దున్నే తెలికలోడు ఎదురొస్తే పని చెడుతుందని మన వైపు ఓ నమ్మకం ఉంది కదా, మా తాత ఊళ్ళో పెళ్ళివారు బయల్దేరే వేళకి సందులోంచి బయటికి వచ్చేవాడు కాదు. ఎవరూ రావద్దని చెప్పేవారు కాదట, ఆయనే రాడు. డిగ్రీలో నాకు ఆ ముచ్చట ఓసారి క్లాసులోనే జరిగింది. అప్పట్నుంచి ఎవరైనా మీరేట్లు (ఏ కులం) అంటే "వ్యాపారం" అని ఊరుకునేవాణ్ణి. అలాంటిది, ఏసీ ఆఫీసులో నలుగురి ముందు ఒకడు తేలీ అన్న మాటని నవ్వుతూ బిరుదులా చెప్పుకోవడం అదే మొదటిసారి చూడ్డం.

మర్నాడు కాదు, సోమవారం అడిగాను. అతను యూదుడు. బెనె ఇజ్రాయెల్ అంటారు వాళ్ళని. వాళ్ళ కథ ప్రకారం ఎప్పుడో ఓ పడవ అలీబాగ్ దగ్గర నవ్‌గావ్ ఒడ్డున బద్దలైతే ఏడుగురు మగవాళ్ళు, ఏడుగురు ఆడవాళ్ళు బతికి బయటపడ్డారు. పుస్తకాలన్నీ సముద్రంలో పోయాయి. కొంకణ్ ఊళ్ళలో గానుగ పట్టుకుని నూనె ఆడి బతికారు. భాష మరాఠీ అయిపోయింది, ఇంటిపేర్లు ఊరి పేర్లయిపోయాయి. ఇన్ని పోయినా శనివారం మాత్రం గానుగ కట్టలేదు. అందుకే ఊరివాళ్ళు శనివార్ తేలీ అన్నారు. సోమవారం మానే వాళ్ళని సోమవార్ తేలీ అనేవారట.

ఇక్కడ నేను నిజంగానే లేచి నిలబడ్డాను. మా తాతది సోమవారం! ఎద్దు నందీశ్వరుడు, శివుడి రోజున కాడి మోపకూడదనేవాడు. ఆ పూట దానికి గంతలు విప్పి, కుడితి పెట్టి, తోమి, సాయంత్రం ఏటికి తోలుకెళ్ళేవాడు. అంటే నేను సోమవార్ తేలీని. ఆ రోజు నుంచి ఆఫీసులో మేమిద్దరం ఒకర్నొకరం తేలీ అనే పిలుచుకున్నాం. ఇక్కడా అతని పేరు అదే.

ఇంకోటి చెప్పి ముందుకెళ్తాను. తేలీ, తెలికల, తెలకపిండి, తైలం అన్నీ సంస్కృతంలో తిల అనే నువ్వు గింజ చుట్టూ తిరిగే మాటలే. మన నూనె కూడా నువ్వుల నెయ్యే, నోట్లో నలిగి నూనె అయింది. ఇవాళ పామాయిల్ని కూడా మనం 'నూనె' అంటున్నాం. నువ్వు లేని నూనె.

2016 జూన్‌లో మహారాష్ట్ర ప్రభుత్వం యూదులకి మైనారిటీ గుర్తింపు ఇచ్చింది. తేలీ ఆఫీసుకి మిఠాయి తెచ్చాడు. దేశం మొత్తమ్మీద నాలుగైదు వేలమందే ఉంటారు, ఎక్కువమంది ముంబై, ఠాణే చుట్టుపక్కలే. 1948 తర్వాత చాలామంది ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. అక్కడికెళ్ళాక మీరు నిజం యూదులేనా అని అడిగితే కొట్లాడి, 1964లో అవునని ఆ ప్రభుత్వం చేత అనిపించుకున్నారు. ఇది చెప్తూ తేలీ "ఇక్కడ తేలీ, అక్కడ అనుమానం" అన్నాడు. తర్వాత ఆ మాట మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

ఠాణేలో వాళ్ళ సినగాగ్, అంటే ప్రార్థన మందిరం, 1879 నాటిది. ముంబైలో అన్నిటికన్నా పాతది 1796లో శామ్యూల్ ఎజెకీల్ దివేకర్ కట్టించింది. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఉండి, టిప్పు సుల్తాన్ చేతికి చిక్కి, బతికొచ్చి కట్టించాడు. దాన్ని చుట్టుపక్కల జనం జూనీ మస్జిద్ అనేవారని, లోకల్ రైళ్ళు ఆగే మస్జిద్ స్టేషన్‌కి ఆ పేరు అందుకే వచ్చిందని చెప్తారు. నేను రోజూ ఆ స్టేషన్ దాటి వెళ్ళినవాణ్ణే, మసీదేదో ఉందనుకున్నాను.

సరే, తిండి.

శుక్రవారం సాయంత్రం పొద్దు గూకే లోపల వాళ్ళింట్లో వంట మొత్తం అయిపోవాలి. పొద్దు గూకాక నిప్పు ముట్టరు. వాళ్ళమ్మగారు (నేను ఆంటీ అనేవాణ్ణి, ఆవిడ నన్ను బేటా అనేది) గాజు గ్లాసులో సగం నీళ్ళు పోసి, పైన నూనె తేల్చి, వత్తి వేసి దీపం పెట్టేది. ద్రాక్షసారా బదులు ఎండు నల్లద్రాక్ష నానబెట్టి పిండిన షర్బత్ గిన్నెలో పోసి మంత్రం చదివేవారు. తర్వాత కొబ్బరిపాల చేపకూర, అన్నం. మాంసానికీ పాలకీ పొత్తు కూడదు వాళ్ళకి. అందుకని మనం పెరుగో నెయ్యో వేసేచోట వాళ్ళకి కొబ్బరిపాలు. నూనె మాత్రం రెండువైపులా చెల్లుతుంది, మాంసమూ కాదు, పాలూ కాదు. తెలికలోడికి అంతకన్నా మంచి మాట ఏం కావాలి.

ఓ సెలవుకి ఇంటికొచ్చి తిరిగి వెళ్తూ మాడుగుల హల్వా పట్టుకెళ్ళాను. ఆంటీ డబ్బా తెరిచి వాసన చూసి, నెయ్యి ఉందా అని అడిగింది. మధ్యాహ్నం కోడికూర తిన్నారట, మూత పెట్టి పక్కన పెట్టేసింది. నాకు కొంచెం మనసు చివుక్కుమంది, నిజం చెప్పాలంటే. రాత్రెప్పుడో తినుంటుంది, మర్నాడు ఫోన్ చేసింది. "గోధుమపాలు తీసి చేసారు కదూ? నెయ్యి తీసేసి కొబ్బరిపాలు పోస్తే ఇది మాదే" అంది. వాళ్ళ కొత్త సంవత్సరం రోష్ హషానాకి చిక్‌చా హల్వా అని చేస్తారు. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, ఆ పేరుకున్న పాలని కొబ్బరిపాలు, పంచదారతో గంటలకొద్దీ తిప్పాలి. చెయ్యి పడిపోతుంది. నేనూ ఓ ఏడాది తిప్పాను.

మలీదా అని ఇంకోటి ఉంది. అటుకులు తడిపి, కొబ్బరి కోరు, పంచదార, ఏలకులు, జీడిపప్పు కలిపి, చుట్టూ పళ్ళు పెట్టి ఎలియాహు ప్రవక్త పేరు తలుచుకుని పంచుతారు. మొక్కు తీరితే, పెళ్ళి కుదిరితే, కొత్త ఇల్లు కొంటే మలీదా. మొదటిసారి తిన్నప్పుడు పంచదార బదులు బెల్లం ఉంటే మా మామ్మ చేతి అటుకులే అనిపించింది. అందులో పలాస జీడిపప్పు వెయ్యమని నేను పట్టుబట్టాను. ఇప్పటికీ పంపుతున్నాను, డబ్బులిచ్చే కొంటాడు.

కొంటాడు అన్నాను కదా, ఆ వ్యాపారం సంగతి. వాళ్ళలో మా వయసు వాళ్ళు పాతిక ముప్ఫై మంది శుక్రవారాల్లో ఎవరో ఒకరింట్లో కలిసేవారు. మాటలన్నీ ఒకేచోటికొచ్చి ఆగేవి: వెళ్ళడమా, ఉండడమా. తేలీ వాళ్ళక్క అప్పటికే ఇజ్రాయెల్‌లో, అష్‌దోద్‌లో ఉంది. అతను ఉంటానన్నాడు. ఉండాలంటే ఏదో ఒకటి సొంతంగా ఉండాలని, ఆంటీ వంటని డబ్బాల్లో పెట్టి అమ్మడం మొదలుపెట్టాడు. చేపకూర, మలీదా, పండుగకి హల్వా. ఓ డెలివరీ యాప్‌లో చేరాడు. తిండి యాప్‌కి ప్రాణం శుక్రవారం రాత్రి, శనివారం. సరిగ్గా అప్పుడే వీళ్ళ పొయ్యి ఆగిపోతుంది. రెండు నెలల్లో యాప్‌లో వీళ్ళ కొట్టు పేరు ఎంత కిందకి పోయిందంటే వెతుక్కున్నవాడికి కూడా దొరికేది కాదు.

నేను సలహా ఇచ్చాను, సిగ్గులేకుండా. శనివారం ఓ మనిషిని పెట్టుకో, మీరు చెయ్యకండి, అతను చేస్తాడు అన్నాను. తేలీ కోప్పడలేదు. "మా ముత్తాతలకి పుస్తకం లేదు, గుడి లేదు, చెప్పేవాడు లేడు. శనివారం ఒక్కటే ఉంది. అది కూడా జీతానికి ఇచ్చేస్తే నేను వట్టి కేటరింగ్ వాణ్ణి" అన్నాడు. యాప్ తీసేసి, బుధవారం రాత్రి లోపల వాట్సాప్‌లో చెప్పినవాళ్ళకే శుక్రవారం మధ్యాహ్నం ఇస్తానన్నాడు. ఆర్నెల్లు ఈగలు తోలుకున్నాడు. తర్వాత గుజరాతీలు, మరాఠీలు, మలయాళీలు బుధవారం గుర్తుపెట్టుకుని చెప్పడం మొదలుపెట్టారు. దొరకని వస్తువుకి ఓ గిరాకీ ఉంటుంది. వాడికా తెలివి ముందే ఉందో, మొండితనమే తెలివైపోయిందో నాకిప్పటికీ తేలలేదు.

2021లో నేను ఇంటికొచ్చేసాను. కరోనాలో ఉద్యోగం సగమైంది, నాన్న పోయాడు, అమ్మ ఒక్కతే. తాత గానుగ రోలు పశువులశాలలో బోర్లా పడి ఉంది, దానిమీద కోళ్ళు పడుకుంటున్నాయి. చిన్న ఆహార తయారీ యూనిట్లకి కేంద్రం పెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో 35 శాతం సబ్సిడీ వస్తుందంటే బ్యాంకు చుట్టూ తిరిగి మోటారు పెట్టిన చెక్క గానుగ తెచ్చాను. తిరగలేక మధ్యలో మానేద్దామనుకున్నాను కూడా.

మొదటి ఏడాది సర్వనాశనం. నువ్వులు బాగా ఎండలేదు, వానల్లో కొన్న సరుకు. నూనె నురగలు కక్కింది, నెల తిరక్కుండా మక్కువాసన. అరవై లీటర్లు వెనక్కొచ్చాయి. అమ్మ ఒక్క గింజ పళ్ళకింద పెట్టి "ఇది కటుక్కుమనాలిరా, మెత్తగుంది" అంది. మా తాత కొడుకు పెళ్ళాం ఆవిడ, నేను మనవణ్ణి. నేనేమో తేమ కొలిచే మిషన్ ఎంతకొస్తుందో ఫోన్లో చూస్తున్నాను. ఇప్పుడు యలమంచిలి రకాల నువ్వులు, ఎండాకాలం పంట, మా ఊరి రైతుల దగ్గరే కొంటాను. ఓ వాయికి పదిహేను కిలోలు, ముప్పావు గంట. నూనె విడిచే వేళకి తాటిబెల్లం ముక్క, గుప్పెడు నీళ్ళు. రెండున్నర కిలోలకి లీటరు దిగితే సంతోషం. తెలకపిండిలో మునగాకు వేసి వండుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి అదీ పోతుంది. నిజానికి నాకు లాభం అక్కడే మిగుల్తోంది.

కొట్టుకి పేరు పెట్టాలి. అమ్మ వెంకటేశ్వరుడి పేరు పెట్టమంది. నేను సీసా మీద 'తెలికలోడి నూనె' అని వేయించాను. ప్రింటింగ్ ప్రెస్ అతను రెండుసార్లు ఫోన్ చేసి "స్పెల్లింగ్ ఇదేనా సార్" అని అడిగాడు. అమ్మ వారం మాట్లాడలేదు. మా పెదనాన్న కొడుకు, విశాఖలో ఉద్యోగం, "ఊళ్ళో ఉన్నోళ్ళం మేం ఏటనుకోవాలి" అని పెద్ద గొడవ చేసాడు. ఊళ్ళో ఉన్నది నేను, అతను కాదు.

2023 సంక్రాంతి వెళ్ళాక తేలీ వచ్చాడు. ముందురోజు అమ్మకి చెప్పాను: రొయ్యలు వద్దు, పీతలు వద్దు, పొలుసు లేని చేప వద్దు, మాంసం వాళ్ళ పద్ధతిలో కోస్తేనే.

"కళింగపట్నం రొయ్యలు తినడా? మరేటి తింటాడ్రా ఆ గుంటడు? ఆళ్ళు సాయిబులా, కిరస్తానమోళ్ళా?"

"రెండూ కాదమ్మా, వాళ్ళిద్దరికన్నా ముందోళ్ళు. తెలికలోళ్ళు."

ఆనపకాయ నూపప్పు కూర, ఆవపెట్టిన పనసపొట్టు, పప్పు, పాకం గారెలు చేసింది. నూపప్పు కూర మూడుసార్లు వేయించుకున్నాడు. పాలు లేకుండా ఇంత కమ్మగా ఎలా వచ్చిందని అడిగితే అమ్మ నన్ను చూసి "నువ్వులు బాబూ" అంది, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

పొందూరు తీసుకెళ్ళాను. యోం కిప్పూర్ ఉపవాసానికి వాళ్ళు తెల్లబట్టలు కడతారు, ఖాదీ కావాలన్నాడు. అక్కడ ఓ పెద్దావిడ వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది. చిన్న చిన్న పళ్ళు, దూది అందులోంచి పొగలా వస్తోంది. తేలీ చాలాసేపు చూసి, ఈ చేపకి పొలుసు ఉంటుందా అని నన్ను అడగమన్నాడు. "వాలుక్కి పొలుసేటి?" అని ఆవిడ నవ్వింది. వాళ్ళలో ఓ కథ ఉంది. దావీద్ రహబీ అనే ఆయన కొంకణ్ వచ్చి, వీళ్ళు యూదులేనా అని తేల్చుకోడానికి అన్ని రకాల చేపలు కలిపి ఆడవాళ్ళకిచ్చి వండమన్నాడట. వాళ్ళు పొలుసూ రెక్కా ఉన్నవే ఏరి, మిగతావి పక్కన పడేసారు. అంతే, మనవాళ్ళే అన్నాడు. "మా పరీక్షలో ఈ చేప అటువైపు పడింది. ఇక్కడేమో నాకు బట్టలు నేస్తోంది" అని రెండు పంచెలు కొన్నాడు.

ఆ రాత్రి గానుగ దగ్గర కూచుని అడిగాను, ఆంటీ దీపానికి నా నూనె పనికొస్తుందా అని. దానికి వాళ్ళ శాస్త్రంలో ఓ అధ్యాయమే ఉందట. మిష్నా అని, 1800 ఏళ్ళ కిందట కూర్చింది. శనివారపు దీపానికి ఏ నూనె వాడాలన్న వాదులాట. టార్ఫోన్ అనే పండితుడు ఆలివ్ తప్ప ఏదీ కూడదన్నాడు. మిగతావాళ్ళు నువ్వుల నూనె, ముల్లంగి గింజల నూనె, చేప నూనె కూడా చెల్లుతాయన్నారు. యోహనాన్ బెన్ నూరి అనే ఆయనైతే లేచి నిలబడి, నువ్వుల నూనె తప్ప మరోటి దొరకని బాబిలోను వాళ్ళేం చెయ్యాలయ్యా అని అడిగాడట.

అమ్మకి తెలుగులో చెప్పాను. "అడిగినోడెవుడో మంచోడు. లేపోతే ఆళ్ళు చీకట్లో తిందురా?" అంది.

మన వాళ్ళలో కూడా ఉన్నారా అని తర్వాత అమ్మే అడిగింది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని తెలుగు మాట్లాడే చిన్న సమూహం ఉంది, తాము యూదులమని చెప్పుకుంటూ సినగాగ్ కట్టుకున్నారు. అక్కడికి వెళ్దామనుకున్నాం గానీ తేలీకి సెలవు చాలలేదు. శుక్రవారం లోపల ఠాణే చేరాలి కదా.

అతను వెళ్ళాక శనివారం లెక్కలు తీసాను. శనివారం నూనె ఇంటికి తేకూడదని మన ఇళ్ళలో పట్టింపు, కాబట్టి లీటరు, ఐదు లీటర్లు కొనేవాళ్ళు ఎలాగూ రారు. వచ్చేది శనీశ్వరుడి దీపానికి చిన్న సీసాలవాళ్ళే. హీబ్రూలో శని గ్రహం పేరు షబ్బతాయ్ అని తేలీ చెప్పాడు, వాళ్ళ శనివారం షబ్బత్ పేరే గ్రహానికి పెట్టుకున్నారు. మన శని చేతిలో మాత్రం నూనె సీసా ఉంది. గానుగ దగ్గర పనిచేసే ఇద్దరికీ అప్పటిదాకా వారంలో సెలవే లేదు, అది నాకు తోచనే లేదు. సోమవారం పెడదామా అంటే అంగళ్ళవాళ్ళు సరుకెత్తేది సోమవారమే. ఎద్దు లేదు, తాత లేడు. శనివారం ఖాయం చేసాను. శని త్రయోదశి మాత్రం తీద్దామని అమ్మ ఇప్పటికీ గొణుగుతుంది.

మొన్న పెద్దాయన తిట్టి వెళ్ళాక నేను స్నానానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి వెనక గుమ్మంలో అమ్మ, ఎదురుగా ఇద్దరు ముసలమ్మలు. చేతుల్లో మన సీసాలే. నేను నోరు తెరిచేలోపు "డబ్బులు తీసుకోలేదురా, ఊరికే ఇచ్చాను. ఊరికే ఇస్తే కొట్టు తీసినట్టు కాదు కదా, ఆ గుంటణ్ణి అడుగు" అంది.

ఆదివారం అడిగాను, శనివారం అతను ఫోన్ ఎత్తడు. తేలీ దానికి జవాబు చెప్పలేదు. ఆంటీ దీపం ఫోటో పంపాడు, గ్లాసులో నా నూనె. 2023 అక్టోబరులో అక్కడ యుద్ధం మొదలైనప్పట్నుంచి ఆవిడ అష్‌దోద్‌లో ఉన్న కూతురి కోసం రోజూ దీపం పెడుతోందట. గ్లాసు అంచుకి మసి పడుతోంది, నూనెలో ఏమైనా తేడానా అని అడిగాడు. ఫోటో అమ్మకి చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరగా చూసింది.

"నూనెకేటి, బంగారంలాగుంది. వత్తి లావైపోయింది. సగానికి చీల్చమను."